మునాఫ్ పుస్తకంలో ఐసు గడి

ఆ, మునాఫ్ సంగతి దగ్గరే కదా మొన్న ఆగిపోయాం? రాయచోటి హైస్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న మునాఫ్. లెక్కలు రాలేదనుకోండి, అది వేరే సంగతి! ఇప్పుడు ఇక్కడ గల్ఫ్‌లో, జాబ్రియా వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ గ్రౌండ్ చూసుకుంటాడు. పన్నెండేళ్లుగా తెల్లగీతలు వేయడం, జెర్సీలు ఉతకడం, దెబ్బలు తగిలిన ఆటగాళ్లకు పక్కనున్న బకాలా కొట్టు నుంచి ఐసు సంచులు మోసుకురావడం అతని పని.

ఎవరూ చెప్పకుండానే ప్రతి మ్యాచ్ గురించీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఎవరితో ఆడారు, ఎన్ని గోల్స్, ఆ రోజు కోచ్ ఎవరు, ఎన్ని సంచుల ఐసు పట్టింది, అన్నీ.

ఈ ఏడు కాలేజీకి హెడ్ కోచ్ కావాలి. పోటీలో ముగ్గురున్నారు. ముగ్గురూ ఇదివరకు అక్కడ తలా ఒక ఏడాది జట్టును నడిపినవాళ్లే. ఆఫీసులో చూస్తే పాత రికార్డులు లేవు. స్పోర్ట్స్ ఆఫీసు గుమస్తా నవీద్, హైదరాబాదువాడు, ఆ వివరాలు మునాఫ్‌ను అడిగాడు. అలా పోయిన శుక్రవారం మునాఫ్ ఆ పుస్తకం పట్టుకుని ఫర్వానియాలో నేనుంటున్న మా అమ్మాయి ఫ్లాట్‌కు వచ్చాడు.

"నీట్‌గా ఒక కాయితం మీద రాసియ్యండి సార్. నా రాత నాకే అర్థం కాదు."

నాకు ఒకటే హుషారు! రిటైరైన తొమ్మిదేళ్లకు మళ్లీ మార్కుల పట్టిక! ఒక కోచ్ నోట్లోంచి విజిల్ తీయడట, మునాఫ్ ఆయన్ని విజిలాయన అంటాడు. ఆయనకు ఇరవై మ్యాచ్‌ల్లో పదిహేను గెలుపులు. రెండో ఆయనకు పదకొండు, మూడో ఆయనకు తొమ్మిది. శాతాలు కట్టి, ఎర్ర ఇంకుతో ర్యాంకులు కూడా వేశాను.

"ఐసు గడి రాయరా సార్?"

"ఐసుతో ఏం పనిరా? గెలిచారా లేదా, అంతే."

"సరే సార్."

బడిలో కూడా అంతే, నా మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

నిన్న మళ్లీ వచ్చాడు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"విజిలాయన్నే తీసుకుంటారంట సార్. మీ కాయితం డైరెక్టర్‌కు శానా నచ్చిందంట. ఆదివారం పది గంటలకు సంతకాలు, ఖలాస్."

"మంచిదేగా! ఫస్ట్ ర్యాంకు కదా!"

"పుస్తకం తీయండి సార్. ఐసు సూడండి."

చూశాను. మిగతా ఇద్దరి ఏడాదిలో మ్యాచ్‌కు రెండు సంచులు, మహా అయితే మూడు. విజిలాయన ఏడాదిలో తొమ్మిది, పది, ఒక రోజు పద్నాలుగు.

"కాళ్లు వాచినోళ్లను గూడా కూసోనీడు సార్. యల్లా యల్లా అని తోసేస్తాడు. ఫవాజ్ అని గోల్‌కీపర్. మోకాలు ఇంత లావైంది. ఐసు కట్టి మళ్లా లోపలికి పంపింది నేనే. గెలిచినారు, కాదనను. ఆ పిల్లోడు ఇప్పటికీ కమ్మీ పట్టుకోకుండా మెట్లెక్కలేడు సార్."

"ఆ రోజే నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు వద్దంటిరి గదా సార్."

పుస్తకం మూసి టేబుల్ మీద పెట్టాను.

"పోనీ నవీద్‌తో నువ్వే చెప్పు."

"విజిలాయన చెవిన పడితే? నా ఇఖామా వచ్చే నెల అయిపోతాది, అది లేకుంటే ఈ దేశంలో ఉండనీరు. అది రెన్యూవల్ కావాలంటే హెడ్ కోచే సంతకం పెట్టల్ల."

లేచి వెళ్లిపోయాడు. పుస్తకం టేబుల్ మీదే ఉంది. మర్చిపోయాడేమోనని తలుపు దాకా వెళ్లి పిలిచాను.

"మర్చిపోలే సార్," అన్నాడు లిఫ్ట్ దగ్గర్నుంచి.

అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పట్టిక రాసింది నేను, ఆ గడి ఎగరగొట్టింది నేను. ఆ తప్పు నాదేనని చెప్పాలి, మునాఫ్ ఫిర్యాదు చేశాడని ఎవరూ అనుకోకుండా చెప్పాలి. పుస్తకం ఎవరిదో నవీద్‌కు తెలుసు కాబట్టి మునాఫ్ పేరు బయటికి రాదని ఒట్టేసి చెప్పలేను. కానీ చెప్పకపోతే, ఈ ఏడు ఎంతమంది మోకాళ్లకు మునాఫ్ ఐసు కట్టాలో?

రేపే ఆదివారం. నవీద్ ఎనిమిదికల్లా ఆఫీసులో ఉంటాడట. ఎనిమిదీ ఐదుకు ఫోన్ చేస్తాను.