పొయ్యి వెనక తెల్లమచ్చ

నానక్‌రామ్‌గూడలో కొత్త ఫ్లాట్ వంటింటి గోడకి నల్ల కడప రాయి నేనే ఎంచుకున్నాను. కోడలు సిరామిక్ టైల్స్ అంటే, "కడప బండల మీద పెరిగినవాణ్ణి, నాకు చెప్పకమ్మా" అన్నాను.

నెలకే పొయ్యి వెనక తెల్లమచ్చ కనిపించింది. కోడలు చూడకముందే పోగొడదామని చింతపండుతో తోమాను. తోమేకొద్దీ మచ్చ పళ్లెమంత అయింది. రాయి కొన్న కొట్టుకి వెళ్లి మోసమని గొడవపడ్డాను. కొట్టతను అదే రాయి ముక్క మీద నిమ్మరసం పిండి, కాసేపాగి తుడిచాడు. అక్కడా తెల్లబడింది.

"పాలిష్ రాయికి పులుపు పడదు తాతా. ఆనాడు చెప్తే ఇన్నవా?"

మరి మొదటి మచ్చ ఎలా వచ్చింది? ఇంటికొచ్చి నా తప్పు ఒప్పుకున్నాను.

కోడలు తల దించుకుంది. "మొదటిది నేనేనండి మామయ్యగారూ. పులిహోరకి నిమ్మకాయ పిండుతుంటే చిందింది. మీరు కోప్పడతారని చెప్పలేదు."

నేనేమో ఆవిడకి భయపడి తోమాను. మచ్చ ఇంకా అలాగే ఉంది. ఎవరి మీద కోప్పడాలో ఇప్పటికీ తేలలేదు.