మాసీ ఇచ్చిన కుంకుమపువ్వు

మొన్న సూరత్‌లో, ఆల్థాన్‌లోని మా ఫ్లాటుకు, మనవరాలు ఫోనులో తెప్పించిన చిన్న డబ్బా ఒకటి వచ్చింది. అందులో గ్రాము కుంకుమపువ్వు, దాని గుణాలన్నీ అచ్చువేసిన కాగితం: నిద్ర పడుతుందట, మనసు తేలికవుతుందట, అరుగుదలకు మంచిదట, మేనిరంగు తేలుతుందట. ఆ చివరి మాట చదివి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకో మనవరాలికి చెప్పలేదు గానీ, కోడలు నీళ్ళోసుకుందంటే ఇంట్లో కుంకుమపువ్వు కోసం జరిగే హడావిడి చూసిన మీకు చెబితే అర్థమవుతుంది.

పెళ్ళయిన ఏడాదికే మావారి రైల్వే ఉద్యోగం వెంట కరీంనగర్ నుంచి సూరత్ వచ్చి క్వార్టర్సులో కాపురం పెట్టినప్పుడు నాకు హిందీ కూడా సరిగా రాదు. పక్కింటి గుజరాతీ పెద్దావిడను అందరిలాగే నేనూ మాసీ, అంటే పిన్నీ అని పిలిచేదాన్ని. నేను నీళ్ళోసుకుని ఐదో నెల రాగానే మా అత్తమ్మ దిగింది. నేను నలుపు, మావారు నాకన్నా నలుపు, కనీసం పుట్టబోయే బిడ్డయినా తెల్లగా ఉండాలని ఆమె పట్టుదల. కొడుకును పోరి పోరి, బజారులో ఎవరో చవగ్గా అమ్ముతున్న కుంకుమపువ్వు తెప్పించింది.

దాన్ని పాలల్లో వేయబోతుండగా మాసీ వచ్చి చూసి, ఓ గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి నాలుగు పోగులు వేసింది. క్షణంలో నీళ్ళు ఎర్రబడ్డాయి, పోగులు తెల్లగా పాలిపోయి తేలాయి. అసలుదైతే మెల్లగా పసుపు వదులుతుందనీ, తాను మాత్రం ఎర్రగానే ఉంటుందనీ తర్వాత తెలిసింది. మేం తెచ్చింది రంగేసిన మొక్కజొన్న పీచు! అత్తమ్మ ముఖం చిన్నబోయింది. మాసీ ఇంటికి వెళ్ళి, సూరత్ వాళ్ళు ప్రాణం పెట్టే నేతిమిఠాయి ఘారీల కోసం దాచుకున్న ఇత్తడి డబ్బీ తెచ్చింది. రెండు పోగులు చిటికెడు పంచదారతో నూరి వేడిపాలల్లో కలిపేసరికి గదంతా ఘుమఘుమలాడింది. అప్పటిదాకా ఏది తిన్నా కడుపులో నిలవని నేను ఆ గ్లాసెడు పాలూ గటగటా తాగేశాను. అది పువ్వు మహిమో, ఆమె చేతి మహిమో మరి.

ఇక రోజూ వాళ్ళిద్దరికీ పేచీయే.

"ఏంది, గిట్ల పిసినారి లెక్క రెండేస్తున్నవ్? జర దండిగెయ్యి, బిడ్డ తెల్లగ పుట్టాలె!" అనేది అత్తమ్మ.

తెలుగు రాకపోయినా మాసీకి అర్థమయ్యేది. "బస్, బెన్, ఇత్నా హీ!" అంటూ, ఇంతే చాలక్కా అన్నట్టు డబ్బీ మూసేసేది.

రుచికి రెండు మూడు పోగులు చాలనీ, మితిమీరితే చేటనీ, రంగు మాత్రం తల్లిదండ్రుల నుంచే వస్తుందనీ డాక్టరమ్మ చెప్పినా అత్తమ్మ నమ్మలేదు. నాకేమో, బిడ్డ నల్లగా పుడితే అత్తమ్మ ఏమంటుందోనని లోలోపల దిగులు.

తీరా నేరేడుపండులాంటి ఆడపిల్ల పుట్టింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అత్తమ్మ బిడ్డను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఓ మాసీ, ఇటు చూడు! కండ్లు, ముక్కు, రంగు, అంత నా లెక్కనే! నా మొగమే మల్ల పుట్టింది!"

నల్లపిల్ల అని తన పెళ్ళినాటి నుంచీ మాటలు పడ్డ మనిషి, ఆ నలుపులోనే తనను చూసుకుని అంతగా మురిసిపోతుందని ఎవరనుకున్నారు? నేను ఏడ్చాను, అయితే దిగులుతో కాదు. ఇంటికి రాగానే డబ్బీలో మిగిలినదంతా వేసి, అత్తమ్మా, మాసీ కలిసి పెద్ద గిన్నెడు పాయసం కాచి వరుసలోని ఇళ్ళన్నిటికీ పంచారు.

మూడు నెలలకని వచ్చిన అత్తమ్మ ఏడాది ఉండిపోయింది. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ పొద్దంతా కబుర్లాడుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మా అపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళవే పన్నెండు ఇళ్ళున్నాయి. లిఫ్టులో ఎదురైతే హిందీలో నమస్తే చెప్పుకుని, ఎవరి అంతస్తులో వాళ్ళం దిగిపోతాం.