బాగనే ఉన్న అంటే నమ్మని సారు

మా కబడ్డీ సారు పోయారని, బడి జట్టులో నాతో ఆడిన లావణ్య ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్ల బస్సులో ఉన్నాను. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నారట. "ఏమైంది నాయినా?" అని వాళ్ళ బిడ్డ అడిగితే "ఏం కాలే, బాగనే ఉన్న" అన్నారట. ఎవరు చెప్పినా ఆ మాటను నమ్మని మనిషి, చివరికి అదే మాట చెప్పి వెళ్ళిపోయారు.

కోరుట్లలో మా బడి పీఈటీ ఆయన. దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. రెఫరీ గడియారాన్ని తన గడియారంతో సరిచూసుకునేవారు. పట్టు జారడానికి కాళ్ళకు నూనె రాసుకొస్తారని అనుమానం. అందుకే ఆటకు ముందు రెండు జట్లనూ నిలబెట్టి, పిడికెడు పొడిమట్టి పిక్కల మీద చల్లుకొమ్మనేవారు. మట్టి అంటుకుంటే నూనె ఉన్నట్టు. మా పిక్కల మీదా నమ్మకం లేదు.

భద్రత పేరుతో కొత్త రూల్స్ వచ్చాక ఆ అనుమానానికి పని పెరిగింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. మేం ఆడే పోటీల్లో ఆడపిల్లలకు డ్యాష్ తీసేశారు. అంటే కూతకొచ్చిన పిల్లను భుజంతో గీత బయటికి నెట్టేయడం. నా బలమంతా అందులోనే ఉండేది. తలకు దెబ్బ తగిలితే ఇక ఆ మ్యాచ్‌లో దిగొద్దన్నారు.

"గిది కబడ్డీయా, పెండ్లిచూపులా? దూరంకెల్లి చూసుకొని పోతరా?" అనేవారు సారు. "తలకాయ రూల్ గూడ గంతే. మన మంచి ప్లేయర్‌ను ఓ గుద్దు గుద్ది కూసోబెట్టనీకె పెట్టిండ్రు."

అమెరికా ఫుట్‌బాల్‌లోనూ తలదెబ్బల రూల్స్ మీద ఇదే పంచాయితీ అని ఫోన్‌లో చూపించాను. "బాల్ చేతుల పట్టుకొని ఉరుకుతున్నరు, గిదేం ఫుట్‌బాలే? మన కబడ్డీకే హెల్మెట్ పెట్టిండ్రు," అని దాన్నీ నమ్మలేదు.

ఆ ఏడాది సిరిసిల్లలో సెమీఫైనల్. గెలిస్తే స్టేట్‌కు వెళ్తాం. కూతకెళ్ళిన లావణ్య తల ఎవరి మోకాలికో తగిలింది. చటుక్కున లేచి "బాగనే ఉన్న సార్" అంది. రెఫరీ చూడలేదు.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఉప్మా సార్."

మేమంతా తిన్నది అటుకులు. సారు తన టవల్ ఆమె భుజాల మీద కప్పి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"సార్, రెఫరీ చూడలే!" అని అరిచాను.

"నేను చూసిన."

ఓడిపోయాం. లావణ్యను ఆస్పత్రిలో చూపించాకే బస్సెక్కించారు. నా కోపం తగ్గలేదు. "రూల్ మోసమన్నది మీరే గద సార్?"

"ఇప్పుడు గూడ అంట. రూల్ పెట్టినోళ్ళ మీద నాకు అనుమానమే. గని ఆటల ఉన్న పిల్ల బాగనే ఉన్న అంటే ఇంకా అనుమానం."

దారి పొడుగునా ఆమెను లేపి ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు. ఊరు దగ్గరపడ్డాక లావణ్య విసుక్కుంది. "అటుకులు సార్, అటుకులు! ఎన్నిసార్లు అడుగుతరు?" అప్పుడుగానీ సారు సీటుకు ఆనుకోలేదు.

డ్యాష్ పోయాక ఆట పలచబడిందని ఇప్పటికీ అంటాను. మగపిల్లలకు ఉంచి మాకే ఎందుకు తీశారన్న అనుమానమూ పోలేదు. లావణ్యను కూర్చోబెట్టిన రూల్ మీద మాత్రం నోరెత్తను.

ఈ ఆదివారం లావణ్యా నేనూ బడి గ్రౌండ్‌కు వెళ్ళాం. పిల్లలు మ్యాట్ పరిచారు. ఆట మొదలుపెట్టే ముందు, చెప్పేవాళ్ళు లేకపోయినా, గీత బయట వరుసగా నిలబడి పిడికెడు మట్టి పిక్కల మీద చల్లుకున్నారు. లావణ్య కూడా వంగి చల్లుకుంది. మట్టంతా జారి పాదాల మీద పడింది.