యాపిల్ కల్లులో నీళ్లెవరు కలిపారు?

మొన్న మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వస్తూ ఒక గాజు సీసా తెచ్చి, యాపిల్ పళ్లు పులియబెట్టి చేసిన సైడర్ ఇది అని నా చేతిలో పెట్టినప్పుడు, నేను ముందు మూత బిగువు చూశాను, తర్వాత సీసాను వెలుతురుకు పట్టి మట్టం చూశాను. ఈ వయసులోనూ పోని ఆ బుద్ధి నాకెక్కడ అంటుకుందో నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, చిన్నవాళ్లయితే నవ్విపోతారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో హుజూర్‌నగర్‌లో నాకు పండ్ల దుకాణం ఉండేది. ఈ జిల్లాలో మొట్టమొదట యాపిల్ రసం పులియబెట్టింది నేనే, లారీల కొద్దీ కాశ్మీరు పండ్లు పిండించాను. లారీ అన్నది కొంచెం ఎక్కువైంది, ట్రాలీ ఆటో అనుకోండి. సరే, ఉన్నమాటే చెబుతాను, దెబ్బ తగిలి అమ్ముడుపోని నాలుగు పెట్టెలు, వాటిలోనూ ఒకదాంట్లో సగం దానిమ్మలే.

ఆలోచన కూడా నాది కాదు, మా బావది. మా అక్క భర్త, కల్లు గీసే మనిషి, మోకాలు పట్టేసి తాటిచెట్లెక్కడం మానేశాక మా దుకాణం ముందు స్టూలు మీద ఊరికే కూర్చునేవాడు. పని లేని ఆ చేతుల వైపు చూడలేకపోయేవాణ్ణి. ఒకరోజు మెత్తబడ్డ పండు వాసన చూసి, "గీటి రసం గూడ పొంగుతది గద రా బామ్మర్దీ, నేల మీద కూసోనే కల్లు దించుదాం" అన్నాడు. అనుమతి లేకుండా అలాంటివి పెట్టకూడదని ఇద్దరికీ తెలుసు కనుక, ఆ రోజు నుంచి వీధిలో జీపు చప్పుడైనా, ఎవరైనా రెండుసార్లు యాపిల్ ధర అడిగినా మాకు అనుమానమే.

పండ్లు తురిమి, గుడ్డలో పిండి, రసాన్ని మంచినీళ్ల డబ్బాలో పోసి, పాలు తోడేసినట్టు బావ దాంట్లో కాస్త తాజా కల్లు వేశాడు. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్న అతని కొడుకు, ఇప్పుడు సీసా తెచ్చిన మేనల్లుడే, ఫోనులో చెప్పిన ప్రకారం మూతకు సెలైన్ పైపు బిగించి, రెండో కొసను నీళ్ల గ్లాసులో ముంచాం. లోపలి గాలి బుడగలై బయటికి రావాలి, బయటి గాలి లోపలికి పోకూడదు, నెల దాకా మూత తీయకూడదు అన్నాడు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికే ముదిరిందనే మాకు నెల ఆగమంటే ఎలా?

నేను చాటుగా రుచి చూశాను, బావ కూడా చూశాడని తర్వాత తెలిసింది. కల్లులో తీపి పోతే ఆ జాగాలో పులుపు వస్తుంది. దీంట్లో తీపి రోజురోజుకూ పోతోంది గానీ బదులు ఏదీ రావడం లేదు, నాలుక మీద పలచగా జారిపోతోంది. మావాళ్లలో ఆ రుచికి ఒకటే అర్థం, ఎవరో తాగి నీళ్లు పోశారని. నేను డబ్బా మీద మట్టం దగ్గర బొగ్గుతో గీత గీస్తే, మర్నాటికి దాని పక్కనే సున్నంతో ఇంకో గీత ప్రత్యక్షమైంది. మా ఆవిడైతే ఇద్దరినీ అనుమానించి నా తువాలు వాసన చూసేది.

చివరికి నేనే నోరు జారాను. "బావా, తాగితె తాగినవ్, నీళ్లెందుకు కలిపినవ్?"

"నేను కలిపిన్నా? ఇన్నేండ్లు కల్లు గీసిన, ఒక్క చుక్క నీళ్లు కలిపిన్నని ఎవ్వడన్న అన్నడా? సున్నం గీత నీకోసమే పెట్టిన్రా దొంగ!" అని కర్ర అందుకుని వెళ్లిపోయాడు. స్టూలు ఖాళీ అయింది. అన్నం సరిగా ముట్టడం లేదని అక్క కబురు పంపింది. "దొంగన్నా పడుదును, నీళ్లు కలిపెటోడన్నడు" అని గోడకు చెప్పుకుంటున్నాడట.

సెలవులకు వచ్చిన మేనల్లుడు ఒక గుక్క తాగి నవ్వాడు. "ఎవ్వరు కలుపలే మామా. ఇవి తినే పండ్లు. ఉన్న తీపంత మత్తయింది, ఇగ పులుపేడుంది, వగరేడుంది? అందుకే నీళ్ల లెక్కుంది. జర నిమ్మరసం, చాయ్ డికాషన్ పడాలె. నురగ తగ్గితె మట్టం గూడ దిగుతది."

వెంటనే వాణ్ణి బండెక్కించుకుని బావ ఇంటికి పోయాను. అరుగు మీద ఇరుగుపొరుగు ఉండగానే వాడు అదంతా మళ్లీ చెప్పాడు, తప్పు నాదేనని నేనూ అన్నాను. బావ నా వైపు చూడకుండా కొడుకుతో, "నీళ్లు కలుపలే అన్న ముచ్చట ఇంకోపారి చెప్పు. గట్టిగ చెప్పు" అన్నాడు. మర్నాడు స్టూలు మీదికి వచ్చాడు.

నిమ్మరసం, డికాషన్ పోశాం గానీ అప్పటికే ఆలస్యమైంది. ఒకరినొకరు పట్టుకోవడానికి మేం మూత తీసిన ప్రతిసారీ లోపలికి పోయిన గాలి, ఇంకో వారం తిరిగేసరికి రసాన్నంతా వెనిగర్ చేసిపెట్టింది. మా ఆవిడ దాంతో ఇత్తడి బిందెలు తోమింది, బంగారంలా మెరిశాయి. బంగారం అన్నది కూడా ఎక్కువేనేమో, ఇత్తడిలానే మెరిశాయి.

ఇప్పుడు అన్నీ సీలు వేసి వస్తున్నాయి, లోపల ఏమేం కలిపారో పైనే రాసి ఉంటోంది, ఎవరినీ అనుమానించే పని లేదు. మేనల్లుడి సీసాలో పులుపూ వగరూ సరిగ్గా కుదిరాయి. ఒక గుక్క తాగి, బొగ్గు దొరక్క పెన్నుతో గీత గీసి ఫ్రిజ్‌లో పెట్టాను. బావ పోయి రెండు వానాకాలాలైంది. రోజూ పొద్దున్నే తలుపు తీసి చూస్తున్నాను. మట్టం గీత దగ్గరే ఉంటోంది.