మందు కాదు, తోడు

మా పెద్ద తోడికోడలు తోడుపెట్టిన పెరుగు గిన్నె బోర్లించినా జారదు. ఆ సంగతి అందరికన్నా అక్కకే బాగా తెలుసు. నేను తోడుపెడితే మాత్రం "ఇది పెరుగా, మజ్జిగా?" అని వెక్కిరించేది. అలాంటి మనిషికి ఒక్క బిందెడు గంజి తల తీసేసినంత పని చేసింది.

వరినారు నాటేముందు వేళ్లు ముంచడానికి ఒక పొడి ఉంటుంది. అందులో మేలుచేసే బాక్టీరియా ఉంటాయి. వరసకు బాబాయి అయ్యే ఆయన దాన్ని పెరటి గదిలో తయారుచేసి అమ్ముతాడు.

"ఇది మందు కాదమ్మా, తోడు. ప్రాణమున్నది. గాలిలో నత్రజని పట్టి పైరుకు పెడుతుంది. యూరియా సగం వేస్తే చాలు. వేళ్లకు అంటుకోవడానికి గంజిలో కలుపు" అని అక్కకు చెప్పి ఇచ్చాడు.

అక్కే కలిపింది. ఒక మడి నాటాం, యూరియా తగ్గించాం. పైరు పాలిపోయింది.

ఇక చూడాలి అక్క నోరు! "బూడిద అమ్ముకుంటున్నాడు" అని గడపగడపకూ చెప్పింది. కొన్నవాళ్లు పొట్లాలు తెచ్చి బాబాయి అరుగు మీద పడేశారు. పాపం, ఆయన పరువంతా ఆ పొడిలోనే ఉంది. అయినా పోట్లాటకు రాలేదు.

"ఎండ తగిలి చచ్చిపోయిందేమో, తప్పు నాదే. మిగిలిన మడికి నేనే కలిపిస్తాను" అంటూ నాట్లనాడు కొత్త పొట్లంతో పొలానికి వచ్చాడు.

అక్క చెట్టు కింద పెట్టిన పొయ్యి మీది గంజి దింపి, పొగలు కక్కుతుండగానే పొడిలో పొయ్యబోయింది.

"ఆగు తల్లీ, చల్లారనీ. మరిగే పాలల్లో తోడు వేస్తామా?"

అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొహం కందగడ్డయింది. బాబాయికి అంతా అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆయన ఆవిడ వైపు చూడకుండా పొట్లం విప్పుతూ కూర్చున్నాడు.

"ఇంకా ఎంతసేపు?" గట్టు మీద నుంచి మా బావగారు కేకేశారు. నాట్లవాళ్లంతా ఇటే చూస్తున్నారు.

"పొడి ఉండలు కట్టిందయ్యా, చిదుముతున్నాను" అన్నాడు బాబాయి.

ఆయన తిట్టినా అక్క తట్టుకునేదేమో. కాపాడేసరికి తట్టుకోలేకపోయింది.

"ఉండల్లేవు, ఏం లేవు! మొన్న మరిగే గంజి పోసి చంపింది నేనే. ఆయన్ని అన్న మాటలన్నీ నాకే తగలాలి" అని అందరికీ వినపడేలా అరిచి, కొంగుతో మొహం కప్పేసుకుంది. రోజూ పాలు తోడుపెట్టే ఇల్లాలు! సిగ్గుతో నేనూ తలెత్తలేకపోయాను.

సాయంత్రం పాలగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవాళ నువ్వు తోడుపెట్టవే."

నా దగ్గర దాచుకున్న వెటకారాలు బోలెడు ఉన్నాయి. అవన్నీ పక్కనపెట్టి, పాలల్లో వేలు ముంచి చూశాను. సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి.