కొట్టం రాతి మీద టార్చిలైటు చప్పుడు

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు నరసరావుపేటలో, మిక్సీలు బాగుచేసే కొట్టు ముందు నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్లో మా ఆయన "అమ్మ..." అని ఆగిపోయాడు. మాట మధ్యలో ఆగే మనిషి కాదాయన. పొద్దున నేను బయల్దేరుతుంటే ఆమె గడపలో నిలబడి, "జారుకి వాషరు ఏయించుకోని రా, అంతే. కొట్టువాడు ఊరిస్తాడు, కొత్తది కొనబాక" అని మరీ మరీ చెప్పింది. ఆ వాషరు చేతిలో పట్టుకునే బస్సెక్కాను. రాజుపాలెం దగ్గర దిగేదాకా దాన్ని సంచిలో వేసుకోవాలని కూడా తోచలేదు.

నిద్రలోనే పోయిందట. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని మంచం ఎక్కి, మళ్ళీ లేవలేదు. ఎవరితోనూ చేయించుకోకుండా పోవాలని అంటూ ఉండేది. అన్నంత పనీ చేసింది.

ఆమె పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడు వీధులకు వినపడేది. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక టార్చిలైటు ఉండేది. అల్యూమినియం గొట్టం, ముందు ఎల్ఈడీ బల్బు. వెలిగితే గోడ మీద చీమ కనపడేది. కానీ నికరంగా వెలిగేది కాదు. ఆమె నడుస్తుంటే ఆరుతూ వెలుగుతూ, వెలుగుతూ ఆరుతూ వచ్చేది. ఆరినప్పుడల్లా ఆమె దాన్ని దేనికో ఒకదానికి కొట్టేది. అరచేతికి, గడపకి, అందుబాటులో నేనుంటే నా భుజానికి. మళ్ళీ వెలిగేది.

"బాగు చేయిద్దాం అత్తయ్యా" అంటే, "దానికేమైంది, ఎలగట్లా?" అనేది.

"ఎలుగుద్ది, ఆరిపోద్ది."

"మనిషన్నాక రెప్ప ఎయ్యడూ? అట్టనే అదీనూ. దాని జోలికి పోబాక."

మా ఆయన మాచర్ల వెళ్ళినప్పుడు తళతళలాడే కొత్త టార్చిలైటు తెచ్చిచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చానా బావుందిరా అని మెచ్చుకుని, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. అడిగితే, "పెళ్ళికి పోయేప్పుడు తీస్తాలే" అంది. ఆ మొండితనానికి నేను తల బాదుకున్న రోజులు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఆ మొండితనం ఎదురుగా వచ్చి నిలబడితే బాగుండుననిపిస్తుంది.

ఏ వస్తువు మొరాయించినా ఆమెది ఒకటే పద్ధతి. ముందు తట్టాలి, తర్వాత కదిలించాలి, అప్పటికీ దారికి రాకపోతేనే విప్పాలి. మిక్సీకైనా, ఫోనుకైనా, పొలంలో మోటారుకైనా అంతే. మనుషులకూ అంతే. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను పుట్టింటి నుంచి తిరిగి వచ్చి గదిలోంచి బయటికి రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఎట్టా పోయింది, దగ్గర ఎవరున్నారు, ఆఖరికి ఏం మాట్లాడింది అని అడిగిందే అడిగేవాళ్ళు. మా అత్తయ్య ఒక్కటీ అడగలేదు. తెల్లవారుజామున టార్చిలైటుతో తలుపు మీద టక్ టక్ అని కొట్టి, "టీ పెట్టా, చల్లారిద్ది" అని వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆ అలవాటు మానలేదు. నాకు ముందే మెలకువ వచ్చినా లేవకుండా ఆ చప్పుడు కోసం పడుకుని ఉండేదాన్ని. ఇప్పటికీ ఆ వేళకి మెలకువ వస్తుంది. తలుపు వైపు చూస్తూ పడుకుంటాను.

నా తలుపు కొట్టాక ఆమె నేరుగా గేదె దగ్గరికి పోయేది. మాకు ఒకటే గేదె, నుదుటి మీద తెల్ల మచ్చ ఉండటాన చుక్క అని పిలిచేవాళ్ళం. కొట్టంలో బల్బు ఉంది గానీ వేయనిచ్చేది కాదు. కళ్ళలో వెలుతురు పడితే బెదురుద్దంటూ టార్చిలైటే తీసుకుపోయి మేకుకి తగిలించుకునేది. దూడ చచ్చిపోయినప్పటి నుంచి చుక్క ఆమెకు తప్ప ఎవరికీ చేపేది కాదు. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. గేదె తలుచుకుంటేనే అది జరుగుతుంది, మనం ఎంత పిండినా రాదు. అటువంటి గేదెలకు కొందరు సూది వేసి పాలు దించుతారు. ఆ సలహా ఇచ్చిన ఒకాయన్ని మా అత్తయ్య, "ముందు నువ్వు ఏయించుకోని రా, ఎట్టుంటదో చెబుదువుగాని" అని వాకిట్లోంచే పంపించేసింది.

ఆమె పోయాక దినం అయ్యేదాకా మా ఆడపడుచు ఉండి పాలు పితికింది. చుక్క ఇబ్బంది పెట్టకుండా ఇచ్చింది. తల్లి చెయ్యి కూతురికి వచ్చిందని అందరూ అనుకున్నాం. ఆమె అత్తారింటికి వెళ్ళిన సాయంత్రం నేను ఆ టార్చిలైటు ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్య మీద బెంగతో చేతులు ఊరుకోవడం లేదు, ఆమె వస్తువు ఏదో ఒకటి పట్టుకోవాలని ఉంది.

కొత్త సెల్లులు వేశాను. అయినా రెపరెపలాడింది. వెనక మూత బిగించాను. కాసేపు నిలిచి మళ్ళీ ఆరింది. తట్టడం, కదిలించడం అయిపోయాయి కాబట్టి ఇక విప్పాను. మూత లోపలి స్ప్రింగు కుంగిపోయి, ఎప్పుడో కారిన సెల్లు వల్ల తెల్లగా పొరలు కట్టి ఉంది. స్ప్రింగుకీ సెల్లుకీ మధ్య చిన్న వెండిరంగు మడత కనపడింది. తీసి విప్పి చూస్తే ఆమె బీపీ మాత్రల రేకు. నన్ను జోలికి పోవద్దని తాను మాత్రం గుట్టుగా వైద్యం చేసుకుందన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ రేకును తీసి దాచుకున్నాను. స్ప్రింగును ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది, కాస్త పైకి లాగి, మర చుట్లలో నల్లమట్టి గుడ్డతో తుడిచి బిగించాను. వెలిగింది. ఊపి చూశాను, మంచం మీద పడేసి చూశాను, ఆరలేదు. ఆమెకు ఏదో సేవ చేసినట్టు సంతోషించాను.

మర్నాడు తెల్లవారుజామున ఆ లైటుతోనే కొట్టంలోకి వెళ్ళాను. తవుడు కలిపి పెట్టాను, పొదుగు కడిగాను. చుక్క తవుడు తిన్నది గానీ చుక్క పాలు ఇవ్వలేదు. సాయంత్రమూ ఇవ్వలేదు. తర్వాతి రోజుల్లో కాలితో తన్నడం కూడా మొదలుపెట్టింది. పొదుగు గట్టిపడి పొంగుతుందేమోనని మాకు భయం పట్టుకుంది.

"నీ చెయ్యి దానికి పళ్ళేదులే" అన్నాడు మా ఆయన. "క్రోసూరు బేరగాడికి కబురు పెడతా. ఎవురన్నా తోలుకుపోతారు."

తప్పుపట్టడానికి అన్న మాట కాదది. కానీ ఆమె పొద్దున్నే పలకరించిన ప్రాణులం ఈ ఇంట్లో ఇద్దరమే, నేనూ అదీ. అది కూడా పోతే ఆ వేళకి లేచేవాళ్ళు ఇంకెవరూ ఉండరు. ఆ మాట ఆయనకు చెప్పలేక ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"నువ్వెట్టా పితికావే? ఏం పెట్టావు, ఏమన్నావు?"

"ఏమంటా వదినా? నాకేం మంత్రాలొచ్చా? ఆ పాడు లైటు ఆరిపోతా ఉంటే, గుంజకేసి కొట్టుకుంటా పితికా. అమ్మ ఎట్టా భరించిందో ఏందో."

ఫోన్ పెట్టేసి కొట్టంలోకి వెళ్ళాను. అక్కడ నాపరాతి గుంజ ఒకటి ఉంది, చుక్కను కట్టేది దానికే. దాని మీద, నా నడుముకి కొంచెం పైన, ఆ పొట్టి మనిషి చెయ్యి ఆనే ఎత్తులో, అరచేతి వెడల్పున వెండిరంగు మచ్చ మెరుస్తోంది. అల్యూమినియం గొట్టం కొట్టగా కొట్టగా రాతికి అంటిన రంగు. ఎన్నిసార్లు దాని పక్కనుంచి పోయానో, ఎన్నడూ చూడలేదు. దూడ పోయిన దగ్గర్నుంచి ఆ గేదెకు పాలివ్వమన్న పిలుపు ఆ చప్పుడే. లైటు బాగుచేసి ఆ పిలుపును నేనే ఆపేశాను.

మర్నాడు తెల్లవారుజామున వెళ్ళి, తవుడు పెట్టి, చక్కగా వెలుగుతున్న టార్చిలైటును ఆ మచ్చ మీద కొట్టాను. టక్ టక్. చుక్క నమలడం ఆపింది. చెవులు ఇటు తిప్పింది. మళ్ళీ కొట్టాను. కింద కూర్చుని పొదుగు మీద చెయ్యి వేస్తే మెత్తబడుతోంది. మొదటి ధార చెంబులో సర్రుమని పడింది.

ఇప్పుడు బేరగాడి మాట లేదు. టార్చిలైటు ఆరడం లేదు, అయినా నేను రోజూ కొడుతున్నాను. కొట్టినప్పుడల్లా చుక్క తల తిప్పి చూస్తుంది. నన్ను కాదు, నా భుజం మీదుగా తలుపు వైపు. దాంతోపాటు నేనూ తిరిగి చూస్తాను.