టర్బో కారుపై నా ఘనవిజయం

తలమీద జుట్టూ నాలుకమీద తర్కమూ సమానంగా దట్టంగా ఉండే రోజులు ప్రతి మనిషికీ కొన్ని ఉంటాయి. నాకూ ఉండేవి. లోకంలో వాదించి ఒప్పించలేనిది ఏదీ లేదనీ, ఒకవేళ ఉంటే ఆ తప్పు లోకానిదేననీ నేను మనసారా నమ్మిన రోజులవి. (జుట్టు ఇప్పుడు పలచబడింది. తర్కం ఏమైందో ఇది చదివాక మీరే చెప్పండి.) అప్పటికి మాకు పెళ్ళై కొంతకాలమే అయింది. ఇల్లు పుంగనూరులో. ఆ ఊరి పేరు చెప్పగానే ఎవరైనా పొట్టి ఆవుల గురించే అడుగుతారు తప్ప, అక్కడ మనుషులు కూడా ఉంటారనీ, వాళ్ళూ పొద్దున్నే క్యారియర్లు పట్టుకొని ఉద్యోగాలకు పరుగెత్తుతారనీ ఎవరికీ తట్టదు. నాకు కుప్పంలో కాలేజీ ఉద్యోగం, మా ఆవిడకు మదనపల్లెలో బ్యాంకు ఉద్యోగం. ఇద్దరమూ ఒకే గుమ్మం దిగి, బస్టాండు దాకా కలిసి నడిచి, అక్కడ చెరో దిక్కు బస్సు ఎక్కేవాళ్ళం. పలమనేరులో బస్సు మారి నేను కుప్పం చేరేసరికి, నా చొక్కా ఎప్పుడో ఇస్త్రీ చూసిందన్న సంగతి నిరూపించడానికి ఒక్క సాక్ష్యమూ మిగిలేది కాదు. ఆమె బస్సేమో మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయే టమోటా బండ్ల వెనక పాకుతూ పోయేది.

అందుకని ఒక కారు కొనాలని ఇంట్లో తీర్మానించాము. తీర్మానం అన్న మాట ఊరికే వాడలేదు. మా ఇంట్లో ఏదైనా తీర్మానంగానే జరగాలి. మా పెదనాయన వయసులో ఉండగా ఊరూరా తిరిగి దిష్టికీ, వాస్తుకూ, ముహూర్తాలకూ వ్యతిరేకంగా సభలు పెట్టి వాదించిన మనిషి. బయట సభలు తగ్గిపోయాక ఇంటినే సభ చేసుకున్నాడు. మంచం కొనాలన్నా చర్చే, గోడకు రంగు వేయాలన్నా చర్చే. అందరమూ ఆయన్ను ‘అధ్యక్షులు’ అనేవాళ్ళం. చర్చ తప్పనిసరిగా రాహుకాలంలోనే మొదలుకావాలన్నది ఆయన నియమం. మూఢనమ్మకాన్ని ధిక్కరించడానికన్నమాట. దాంతో మా వీధిలో అందరికన్నా శ్రద్ధగా పంచాంగం చూసే ఇల్లు మాదే అయింది.

మదనపల్లె షోరూములో మాకు రెండు కార్లు నచ్చాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఆకారం. తెల్లదానికి మామూలు ఇంజను. పెట్రోలు పొదుపుగా తాగి, పిలిచినప్పుడు పలికే రకం. ఎర్రదానికి టర్బో. సేల్సు మనిషి పక్కన కూర్చొని “ఒక్కసారి గట్టిగా తొక్కండి సార్” అన్నాడు. తొక్కాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. కారు ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. ఆ వెంటనే ఎవరో నా వీపుమీద రెండు చేతులూ ఆనించి ముందుకు తోసినట్టయింది. రోడ్డుపక్కన చింతచెట్లు చింతచెట్లుగా కనిపించడం మానేశాయి. వెనక సీట్లోంచి మా ఆవిడ “యాడికప్పా ఈ పరుగు? నేను తిన్న ఇడ్లీ ఆ మలుపుకాడే దిగిపోయింది” అంది. (పెళ్ళిలోనే ఇద్దరమూ ఒకరినొకరు ‘నువ్వు’ అనుకోవాలని సభాముఖంగా తీర్మానించుకున్నాము. కాబట్టి ఆమె నాతో దేనికీ మొహమాటపడేది కాదు.) ఆమె ఓటు తెల్ల కారుకే.

నాకు మాత్రం అక్కడికక్కడే ఎర్ర కారు మీద కోరిక పుట్టింది. కారణాలు ఇంటికొచ్చాక పుట్టాయి. కుప్పం రోడ్డులో గ్రానైటు లారీలను దాటాలంటే టర్బో ఉండాలి. అడవి దగ్గర ఏనుగులు అడ్డమొస్తే తప్పించుకోవాలంటే టర్బో ఉండాలి. మొదటి పీరియడును అందుకోవాలన్నా టర్బోయే ఉండాలి. (కోరిక ముందు పుడుతుంది, కారణాలు పెద్దమనుషుల్లా తీరిగ్గా వచ్చి పంచాయితీలో దాని పక్కన కూర్చుంటాయి. భక్తుల విషయంలో ఇట్లా జరుగుతుందని నేను ఎన్నో వేదికల మీద గొంతు చించుకున్నాను. నా విషయంలోనూ జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.)

సంగతి విని పెదనాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. “సరే, ఆదివారం సభ. అబ్బోడా, నువ్వు తెల్ల కారు పక్షం. అమ్మాయి ఎర్ర కారు పక్షం.”

“అదేంది పెదనాయనా! నాకు కావాల్సింది ఎర్రది కదా!”

“అందుకే. ఎదుటోని మాటను వానికంటే బాగా చెప్పలేనోడికి సొంత మాట చెప్పే అర్హత లేదు. ఎవురు గెలిస్తే ఆ కారు. అప్పీలు గిప్పీలు ఏమీ లేదు.”

మొదట ఒప్పుకోకూడదనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఇంతకన్నా సులువైన దారి లేదని తోచింది. నేను ఓడిపోతే చాలు, ఎర్ర కారు నాదే! ఆ మాటే గోడవతల మా పొరుగాయనకు చెప్పాను. ఆయన యార్డులో టమోటా మండీ వ్యాపారి. అందరికీ టమోటా భాయ్. మా చర్చలకు శాశ్వత ప్రేక్షకుడు, మా అమ్మ వేసే పకోడీకి శాశ్వత సభ్యుడు, తీర్పులో ఒక ఓటు కూడా ఉండేది.

“ఓడిపోయేది శానా ఈజీ సారూ,” అన్నాడు భాయ్. “నోరు మూసుకోవాల, అంతే.”

“అదే కదా భాయ్ కష్టం.”

“అరే, మా ఇంట్లో నేను దినామూ సేస్తాండా కదా!”

మా ఆవిడ మాత్రం అప్పజెప్పిన పనిని అరకొరగా చేసే మనిషి కాదు. ఆ వారమంతా ఫోన్లో టర్బోల వీడియోలు చూస్తూనే ఉంది. ఒక సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. యాడికి పోయినావంటే “షోరూముకు. నేనే నడిపి సూసినా. నడపకుండా దాని తరఫున ఎట్ల మాట్లాడేది?” అంది. (పెళ్ళికి ముందే లైసెన్సు తీసుకున్న మనిషి.) ఆమె ముఖంలో ఏదో వెలుగు కనిపించింది. మదనపల్లె బస్సు దిగిన ముఖంలో అంతకుముందెన్నడూ నేను చూడనిది. పట్టించుకోలేదు. తార్కికులం సత్యాన్ని లోకమంతా వెతుకుతాము కానీ, పక్కన కూర్చొని అన్నం తింటున్న మనిషి ముఖంలో వెతకము.

ఆదివారం నాలుగున్నరకు, రాహువు పనిలోకి దిగే వేళకు, మా వరండాలో సభ మొదలైంది. అమ్మ పొయ్యిని వరండాలోకే తెచ్చుకొని పకోడీ వేస్తోంది. ఆమెదొక ఓటు, భాయ్‌దొక ఓటు, రెండూ సమానమైతే అధ్యక్షులది. నేను లేచి, “తెల్ల కారు తెల్లగా ఉంటుంది. దానికి నాలుగు చక్రాలుంటాయి. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు” అని కూర్చున్నాను.

“ఏమైందిరా నీకు, జరమా?” అంది అమ్మ.

మా ఆవిడ లేచింది. కొంగు బిగించి నేరుగా విషయంలోకి దిగింది. “ఇంజను బయటికి వదిలే గాలితోనే ఒక చక్రం తిప్పి, లోపలికి ఇంకా గాలి తోసేదే టర్బో. ఊరికే పోయేదాన్ని వాడుకుంటే అది దుబారా ఎట్లయితాది?”

“బయటికి పోయే గాలితో బలం తెచ్చుకునేదా?” అన్నాడు పెదనాయన. “అది మా ఉపన్యాసకుల పద్ధతే కదమ్మా!”

“వినండి పెదనాయనా. ముందర టమోటా బండి పోతాంటాది, ఎదురుగా బస్సు వస్తాంటాది. మధ్యలో దాటేదానికి దొరికేది రెండు ఊపిర్లంత సందు. ఆ సందులో దాటగలిగిందే భద్రమైన కారు. నేను అడిగేది వేగం కాదు, దాటే బలం. ఇంకొక మాట. మగోనికి బలమైనది, ఆడదానికి నెమ్మదిది అని యాల అనుకుంటారు అందరూ? అది మాత్రం మూఢనమ్మకం కాదా?”

అమ్మ చేతిలో జల్లిగంటె ఆగిపోయింది. భాయ్ “వాహ్!” అన్నాడు. నా గుండె లోలోపల చప్పట్లు కొడుతోంది. ఎర్ర కారు మా ఇంటి సందు తిరిగి వస్తున్నట్టే ఉంది. అధ్యక్షులు “ఓటుకు ముందు సభ్యులెవరైనా మాట్లాడొచ్చు” అన్నాడు. భాయ్ నావైపు చూసి కన్ను గీటి లేచాడు. నాకు సాయం చేద్దామనే. అది నేను ఈ రోజుకీ ఒప్పుకుంటాను.

“నాది ఎర్ర కారుకే! ఎరుపంటే కలిసొచ్చే రంగు. మా మండీలో సూడండి, ఎరుపెక్కితేనే అన్నం. మా బామ్మర్ది తెల్ల బండి కొన్నాడు. కొన్న వారానికే కాలు ఇరిగింది!”

కలిసొచ్చే రంగు! నాలుకను పళ్ళ మధ్య నొక్కిపట్టుకున్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. లాభం లేకపోయింది. నాకు తెలియకుండానే లేచి నిలబడి ఉన్నాను.

“భాయ్, మీ బామ్మర్ది కాలు ఎట్ల ఇరిగింది?”

“మిద్దె మీదినుంచి పడినాడు సారూ.”

“ఆ మిద్దె ఏ రంగు?”

అక్కడ ఆగి ఉంటే నా చరిత్ర మరోలా ఉండేది. ఆగలేదు. రంగుకు కాళ్ళు విరిచే శక్తి ఉంటే ప్రపంచంలో సున్నం వేసిన ప్రతి ఇల్లూ ఆసుపత్రి అయ్యుండేదన్నాను. అక్కణ్ణుంచి టర్బో మీద పడ్డాను. “ఈ టర్బో మాత్రం ఏమిటి? చదువుకున్నవాడి తాయెత్తు! పలమనేరు అడవిలో ఏనుగు రోడ్డెక్కితే టర్బో కారు ఏం చేస్తుంది? ఎడ్లబండి ఏం చేస్తుందో అదే చేస్తుంది, ఆగుతుంది! శాంతిపురం దగ్గర గ్రానైటు లారీని దాటారనుకోండి, దాని ముందర ఏముంటుంది? ఇంకో గ్రానైటు లారీ! కుప్పంలోకి వచ్చాక టర్బో, ట్రాక్టరు, పాల ఆటో అన్నీ ఒకే వరసలో నిలబడాల్సిందే!” నేను ఓ వారంపాటు ఒక్కొక్కటిగా పేర్చుకున్న నా సొంత కారణాలను నా చేత్తోనే ఒక్కొక్కటిగా కూల్చి, వేలెత్తి, ఊపిరి పీల్చుకున్నాను. వీధిలో పోతున్నవాళ్ళు కూడా ఆగి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అంత గొప్పగా మరెన్నడూ మాట్లాడలేదు.

మా ఆవిడ మాత్రం, పరుగెత్తి చెయ్యెత్తినా ఆగకుండా పోయిన బస్సును చూసినట్టు నన్ను చూసింది.

“తెల్లదే కొందాములే,” అంది అమ్మ. “వాడు అంతగా అరిసినాడు, పాపం.”

“క్యా కర్నా సారూ,” అన్నాడు భాయ్ గడ్డం గోక్కుంటూ. “నా మతి మార్చేసినారు. నాదీ తెల్లదే.” ఒక మనిషి మూఢనమ్మకాన్ని ఒక్క ఉపన్యాసంతో వదిలించడం నాకు అదే మొదలు, అదే చివర. కూర్చున్నాక గానీ ఏం జరిగిందో తలకెక్కలేదు. చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది. భాయ్ చెవి దగ్గరికి వంగి “ఓడిపోమంటే గెలిసినావేంది సారూ?” అన్నాడు.

మా ఆవిడ ఇంకో చెవి దగ్గరికి వచ్చింది. “నిన్ను ఓడించేదానికి వారమంతా కష్టపడినా. ఒక్క గడియ నోరు మూసుకోలేవా నువ్వు?”

“నీకు కావాల్సింది తెల్లదే కదా!”

“మొదట్లో. నడిపినాక కాదు.”

ఇద్దరికీ కావాల్సిన కారును, ఇద్దరి తరఫునా నేనొక్కడినే ఓడించాను. అధ్యక్షులు సభ ముగించబోతుంటే ఆమె మళ్ళీ లేచింది.

“అప్పీలు లేదన్నా కదమ్మా,” అన్నాడు పెదనాయన.

“అప్పీలు కాదు పెదనాయనా. తీర్పు యాడిదాకా చెల్లుతాదని అడుగుతాండా. ఈయప్ప చెప్పిన ఏనుగు యాడిది?”

“పలమనేరు అడవిది.”

“గ్రానైటు లారీలు?”

“శాంతిపురంవి.”

“మదనపల్లె రోడ్డు గురించి ఒక్క మాటన్నా చెప్పినాడా?”

పెదనాయన కళ్ళజోడు తీసి నావైపు తిరిగాడు. “చెప్పినావురా?”

“లేదు.”

“ఒక్క చేను సూసి ఊరంతా ఇదే పంట అంటివి కదరా! నేను నేర్పిన తర్కం ఇదేనా?” ఆ తర్వాత గొంతు సవరించుకొని సవరించిన తీర్పు చెప్పాడు. కుప్పం రోడ్డుకు టర్బో దండగని సభ ముందు తిరుగులేకుండా రుజువైంది. కాబట్టి కుప్పం పోయేవాడు ఆ కారులో పోకూడదు. మదనపల్లె రోడ్డు విషయంలో అమ్మాయి వాదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. కాబట్టి ఎర్ర కారే కొనాలి, అమ్మాయే నడపాలి.

“మరి నేను?” అన్నాను.

“నీకేమప్పా,” అన్నాడు పెదనాయన. “బస్సుకు వ్యతిరేకంగా ఎవురూ మాట్లాడలేదు కదా!”

ఎర్ర కారు ఇంటికి వచ్చింది, మంచి రాహుకాలం చూసుకొని. చక్రాల కింద పెట్టమని షోరూమువాళ్ళు ఇచ్చిన నిమ్మకాయల్ని అమ్మ కొంగున కట్టుకొచ్చి చిత్రాన్నం చేసింది. భాయ్ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఇప్పటికీ ఆ కారు ఉంది. ఎరుపు కాస్త వెలిసింది, నా జుట్టంత కాదు. రోజూ పొద్దున్నే మా ఆవిడ నన్ను బస్టాండులో దింపి, మదనపల్లె వైపు తిప్పుకొని పోతుంది. ఆదివారాలు మాత్రం పక్క సీట్లో నాకు చోటు దొరుకుతుంది. ముందర టమోటా బండి, ఎదురుగా ఖాళీ రోడ్డు కనబడగానే ఆమె “పట్టుకో” అంటుంది. ఆ ఒక్క క్షణం కారు ఊపిరి బిగబడుతుంది. వీపుమీద చేతులు పడేలోపు ఆ వరండాలో వేలెత్తి నిలబడిన కుర్రవాడు కనిపిస్తాడు. చొక్కా పట్టి కిందికి లాగి కూర్చోబెడదామనుకుంటాను. వాడి ముఖంలో ఆ సంబరం చూసి వదిలేస్తాను.

మొన్న కుప్పం బస్సులో, ఏళ్ళుగా నాకు టికెట్టు కొడుతున్న కండక్టరు పక్కన నిలబడి అడిగాడు. “సార్, ఇంట్లో అంత స్పీడు కారు పెట్టుకొని యాల మీరు దినామూ ఈ బస్సులో వస్తాండారు?”

“ఒకసారి వాదంలో గెలిచినానప్పా,” అన్నాను.